గ్యాస్ ఎక్కడికి పోయింది?

ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి వస్తున్నంతసేపూ చల్లగా ఉన్న కారు, తార్నాక చౌరస్తాలో ఆగేసరికి ఎందుకు ఉడకపోస్తోంది? మెట్రో స్తంభాల పక్కన బండి కదలకుండా నిలబడితే వేడిగాలి, హబ్సిగూడ వైపు కాస్త సాగగానే మళ్లీ చల్లగాలి. మీకిది ఎదురైందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. కాలేదా? ఏప్రిల్ రానివ్వండి.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? దగ్గర్లో ఉన్న షెడ్డుకి తీసుకెళ్తాం. మెకానిక్ బానెట్ ఎత్తి, గేజ్ తగిలించి, ఒక్క మాట అంటాడు: "గ్యాస్ అయిపోయింది సార్. కొడ్తే సెట్ అయితది." మనం తలూపుతాం. గంటలో పని అయిపోతుంది, ఇంటికి చల్లగా చేరతాం. వచ్చే వేసవికి మళ్లీ అదే షెడ్డు, అదే గేజ్, అదే మాట.

ఉస్మానియాలో థర్మోడైనమిక్స్ చెప్పే మాస్టారొకాయన ఉన్నారనుకోండి. రిఫ్రిజిరేషన్ వలయం బొమ్మ కళ్లు మూసుకుని గీస్తారు. అది ఎక్కడా తెగని వలయమనీ, లోపలున్నదే తిరుగుతుందనీ పిల్లలకి ఏటా చెబుతారు. అదే మాస్టారు షెడ్డులో నిలబడి "అయిపోయిందా? సరే కొట్టు" అంటారు. మూడు వేసవులు అలాగే అన్నారు. పరీక్ష పేపర్లో ఒక విద్యార్థి "గ్యాస్ అయిపోయింది" అని రాస్తే ఆయన సున్నా వేసి ఉండేవారు. మరి ఇక్కడెందుకు అడగలేదు? వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, ఎండగా ఉంది, అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటం. మనందరిదీ అదే కథ.

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు: ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. రబ్బరు పైపుల గుండా, కంప్రెసర్ సీలు గుండా ఏళ్ల తరబడి పిసరంత పోవడం మామూలే. ఐదారేళ్ల బండికి ఒకసారి నింపించారంటే అనుమానపడక్కర్లేదు. ఏటా నింపిస్తున్నారంటే మాత్రం చిల్లుకి అద్దె కడుతున్నారన్నమాట.

ఆ చిల్లు చాలాసార్లు ఉండేది కండెన్సర్లోనే. అదెక్కడుంటుంది? బంపర్ వెనక, రేడియేటర్‌కి ముందు, రోడ్డుకి ఎదురొడ్డి. కంప్రెసర్ నొక్కి పంపిన వేడి గ్యాస్ తన వేడిని బయటి గాలికి ఇచ్చేసి ద్రవమయ్యేది అక్కడ. ముందు లారీ టైరు చిమ్మిన రాయి తగిలేది దానికే. వానాకాలం బురదంతా పట్టేదీ దానికే. పార్కింగులో ఎవరో వెనక్కి తీస్తూ "ఏం కాలేదు సార్" అని వెళ్లిపోయిన ఆ చిన్న తాకుడూ దానికే తగులుతుంది. అల్యూమినియం పలక, లోపల వెంట్రుకవాసి దారులు. ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

అయితే మార్చేద్దామా? ఆగండి.

1. ముందు ఫ్యాన్ చూడండి.

మొదట్లో చెప్పిన లక్షణం గుర్తుందా? కదిలితే చల్లన, ఆగితే వేడి. దానికి కండెన్సర్‌నే తప్పు పట్టక్కర్లేదు. బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే వచ్చి కండెన్సర్‌ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. క్యాంపస్ లోపల ఓ చెట్టుకింద ఆపి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. కాసేపటికైనా ఫ్యాన్ తిరగడం లేదా? లేక నీరసంగా తిరుగుతోందా? అయితే ఫ్యూజు, రిలే, మోటారు చూపించండి. కండెన్సర్ కంటే చాలా తక్కువలో పోతుంది. చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి, ఫ్యాన్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం.

2. కడిగించండి, కానీ మెల్లగా.

క్యాంపస్ చెట్ల కింద ఏళ్లుగా కారు పెట్టేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. వేపపూత, ఎండుటాకుల పొడి, రోడ్డు దుమ్ము కలిసి కండెన్సర్ రేకుల మధ్య మెత్తలా పేరుకుంటాయి. గాలి దూరకపోతే వేడి ఎలా పోతుంది? మామూలు గొట్టంతో, తక్కువ ధారతో కడగాలి. వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి. సర్వీసింగులో బురద వదిలించే ఆ పెద్ద ప్రెజర్ గన్ మాత్రం దీని మీద పెట్టనివ్వకండి. రేకులన్నీ మడతపడిపోతాయి, శుభ్రం చేయబోయి దారి మూసేసినట్టవుతుంది.

3. నూనె మరక వెతకండి.

గ్యాస్ ఒంటరిగా తిరగదు. కంప్రెసర్‌కి కావలసిన నూనె కూడా దానితోపాటే తిరుగుతుంది. చిల్లు ఎక్కడుంటే అక్కడ గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, నూనె నిలిచిపోతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. టార్చి వేసి గ్రిల్ సందులోంచి చూడండి. పలకంతా బూడిదరంగులో ఉండి, ఒకచోట మాత్రం నల్లగా జిడ్డుగా కనిపిస్తోందా? దొంగ దొరికినట్టే.

4. "చూపించు" అనడం నేర్చుకోండి.

ఇది సాంకేతిక చిట్కా కాదు, కానీ మిగతావాటికంటే ఇదే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. కోపం అక్కర్లేదు, అనుమానంగా చూడక్కర్లేదు. సంభాషణ ఇలా ఉంటే చాలు:

"అన్నా, పోయినేడు గ్యాస్ కొట్టించిన. మళ్ల లేదు. లీకు ఎక్కడుందో చూద్దాం."

"కండెన్సర్ పోయింది సార్, మార్చాలె."

"సరే, మారుద్దాం. నైట్రోజన్ పెట్టి సబ్బునీళ్లు కొట్టు. బుడగలు వచ్చిన కాడ ఫోటో తీసుకుంట."

పని తెలిసిన మెకానిక్ దీనికి నొచ్చుకోడు. నిజానికి సంతోషిస్తాడు, మళ్లీ వచ్చి గొడవపెట్టుకోరని. "అవసరం లేదు సార్, నా ఎక్స్‌పీరియెన్స్ చెప్తోంది" అన్నాడా? ఆయన అనుభవానికి నమస్కారం పెట్టి, ఇంకో షెడ్డు చూసుకోండి. చిల్లు మరీ చిన్నదైతే సబ్బునీళ్లకి దొరకదు. అప్పుడు రంగు కలిపిన నూనె వేసి, నాలుగు రోజులు నడిపాక అతినీలలోహిత లైటు కింద చూస్తారు. పైపు అతుకుల దగ్గరా, కంప్రెసర్ దగ్గరా, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ దగ్గరా కూడా చూడమనండి. బయట కండెన్సర్ మార్చాక లోపల కాయిల్ కారుతోందని తెలిస్తే ఎంత బాధ!

5. అతుకులు వద్దు.

ఎంసీల్ పెడతాననేవాళ్లు, వెల్డింగ్ చేస్తాననేవాళ్లు, డబ్బాలో లీకు మూసే మందు పోస్తాననేవాళ్లు తగులుతారు. మండే ఎండలో ఆ పలక లోపల చదరపు అంగుళానికి 200 నుంచి 250 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. మీ కారు టైర్లో 33 ఉంటుంది, పోల్చుకోండి. పైన రాసిన లేపనం ఎన్నాళ్లు నిలుస్తుంది? డబ్బా మందు ఇంకా ప్రమాదం. అది చిల్లుని మూసినా మూయకపోయినా, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రాన్ని మూసేయగలదు.

ఇక్కడే ఇంకో మాట. మీ కంప్రెసర్ అరిగి విరిగిపోయిందనుకోండి, దాని లోహపు రజను గ్యాస్‌తోపాటు కండెన్సర్‌లోకి కొట్టుకెళ్తుంది. ఈ కాలపు కండెన్సర్ల సన్నటి దారుల్లోంచి ఆ రజనుని పూర్తిగా కడగడం అయ్యేపని కాదు. "కంప్రెసర్ ఒక్కటి మారిస్తే చాలు" అన్న సలహా విని డబ్బు మిగిలిందనుకుంటాం. ఆ మిగిలిన రజనే కొత్త కంప్రెసర్‌ని తినేస్తుంది. ఆ సందర్భంలో రెండూ కలిపి మార్చాల్సిందే.

6. పార్టు కొనేముందు పాతదాన్ని పక్కన పెట్టండి.

రాణిగంజ్ వెళ్తారో, పుత్లీబౌలి వెళ్తారో, కంపెనీ కౌంటర్లోనే తీసుకుంటారో మీ ఇష్టం. నాకైతే కంపెనీ పార్టే తీసుకోవాలన్న పట్టుదల లేదు. పేరున్న తయారీదారుడి డబ్బా, వారంటీ కాగితం ఉంటే చాలు. ఒకే మోడల్ కారుకి తయారైన ఏడాదిని బట్టి, డీజిలా పెట్రోలా అన్నదాన్ని బట్టి కండెన్సర్ మారుతుంది. ఆర్సీ ఫోటో, ఛాసిస్ నంబరు తీసుకెళ్లండి. ఎత్తు, వెడల్పు, పైపు మూతులు, బిగించే చెవులు పాతదానితో సరిపోవాలి. సరిపోని చెవిని వంచి బిగించిన కండెన్సర్ రోడ్డు అదురుకి త్వరగానే చిట్లుతుంది. తేమని పీల్చే డ్రయ్యర్ దానికే అతికి వస్తుందా, విడిగా ఉందా అని అడగండి. విడిగా ఉంటే అదీ కొనండి. పైపు మూతులకున్న బిరడాలు ఇంటికొచ్చి ఆత్రంగా తీసి చూడకండి. లోపలి డ్రయ్యర్ గాలిలో తేమని పీల్చేసి, పనిలోకి దిగకముందే అలిసిపోతుంది.

ఎవరైనా గుద్దడం వల్ల పగిలిందా? బంపర్ విప్పకముందే ఫోటోలు తీసి బీమా కంపెనీకి చెప్పండి. విప్పేశాక చెబితే వినేవాళ్లుండరు. అరుగుదలకి బీమా రాదు, తాకుడుకి వచ్చే అవకాశముంది.

సరే, ఇప్పుడు షెడ్డులో బండి పెట్టారు. మెకానిక్ అంటాడు: "రెండు గంటల్లో ఇచ్చేస్త మేడమ్." లెక్క వేద్దామా? బంపర్ విప్పి మళ్లీ బిగించడానికి గంట పైనే. కండెన్సర్ మార్పుకి గంట. నైట్రోజన్ పరీక్షకి అరగంట. గాలి లాగడానికి ముప్పావుగంట, అది నిలిచిందో లేదో చూడ్డానికి పావుగంట. గ్యాస్ నింపి చూసుకోవడానికి ఇంకో అరగంట. రెండు గంటల్లో ఇచ్చేస్తున్నాడంటే వీటిలో ఏదో ఎగిరిపోయిందన్నమాట. ఇది పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకునే పని. ఆఫీసుకి మెట్రోలో పోండి.

7. గ్యాస్‌ని గాలిలోకి వదలనివ్వకండి.

పైపు వదులు చేసి "ఫుస్స్" మనిపించడం చాలా షెడ్లలో అలవాటు. లోపలున్నది ఎక్కువ కార్లలో ఆర్-134ఏ. పాత రోజుల్లో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరని తింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచమంతా క్రమంగా మానేసింది. దాని బదులు వచ్చిన ఈ 134ఏ తయారీ మీద మన తార్నాక పక్కనే పరిశోధన జరిగింది తెలుసా? ఉప్పల్ రోడ్డు మీదున్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో. 1944లో మొదలైన ఆ సంస్థని పాత తార్నాకవాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. మనం రోజూ గోడ పక్కనుంచి పోతూ, లోపల మన కారు చల్లదనం గురించి తలబద్దలు కొట్టుకున్నవాళ్లున్నారని అనుకోం.

134ఏ ఓజోన్‌ని తినదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1300 రెట్లకు పైగా ఘాటు. అరకిలో వదిలితే ఆరువందల యాభై కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఒంటి మీద పడితే చర్మం గడ్డకడుతుంది, ఎందుకంటే అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మంటకి తగిలితే విషవాయువులు పుడతాయి. గ్యాస్‌ని వెనక్కి లాగి సిలిండర్లో పట్టే యంత్రం ఉన్న షెడ్డునే ఎంచుకోండి. ఆ యంత్రం ఉందంటే మిగతా పని కూడా పద్ధతిగా చేసే అవకాశం ఎక్కువ, అది నా లెక్క.

8. నాలుగు చిన్న వస్తువుల దగ్గర నిలబడండి.

పెద్ద వస్తువు అందరూ మారుస్తారు. పని చెడేది చిన్నవాటి దగ్గరే.

ఓ-రింగులు. పాతవి తుడిచి మళ్లీ వేయకూడదు. ఏసీకి పనికొచ్చేవే కొత్తవి తెప్పించి, ఏసీ నూనె రాసి కూర్చోబెట్టాలి. గ్రీజు రాయకూడదు. బోల్టుని ముందు చేత్తో తిప్పి, తర్వాతే పానా పెట్టాలి. అల్యూమినియం మర కదా, ఒక్కసారి వంకరగా ఎక్కితే పైపే మార్చాలి.

నూనె. పాత కండెన్సర్‌లో ఎంత ఉండిపోయిందో చూసి అంతే కొత్తదాంట్లో పోయాలి. తక్కువైతే కంప్రెసర్ అరుగుతుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. ఏ నూనె? కంప్రెసర్ మీద రాసి ఉన్నదే. మీది హైబ్రిడ్ గానీ ఎలక్ట్రిక్ గానీ అయితే ఇంకా జాగ్రత్త. వాటి కంప్రెసర్లు కరెంటుతో తిరుగుతాయి, మామూలు కార్లకి వాడే పీఏజీ నూనె వాటిలో పోయకూడదు. సాధారణంగా పీఓఈ రకం కావాలి. అలాంటి బండిని ఆ శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరకే తీసుకెళ్లండి.

డ్రయ్యర్. వలయం విప్పారంటే అదీ మారాలి.

స్పాంజి పట్టీలు. కండెన్సర్ చుట్టూ, రేడియేటర్ అంచున నల్లటి మెత్తటి పట్టీలుంటాయి. ఊడిపోతే "దేనికి సార్ అవి" అని పారేస్తారు. అవి లేకపోతే ఇంజన్ వేడిగాలి తిరిగి ముందుకొచ్చి కండెన్సర్‌కే తగులుతుంది. అప్పుడు మళ్లీ తార్నాక చౌరస్తా కథే, కొత్త కండెన్సర్‌తో!

9. వ్యాక్యూమ్ పెట్టడమూ, లీకు చూడడమూ ఒకటి కాదు.

చాలామంది మెకానిక్‌లు రెంటినీ కలిపేస్తారు. గాలి లాగేసినప్పుడు బయటి ఒత్తిడి లోపలికి నొక్కుతుంది, అదీ చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు మాత్రమే. ఏసీ నడిచేటప్పుడు లోపలి నుంచి బయటికి 200 పైన నొక్కుతుంది. వ్యాక్యూమ్‌లో బుద్ధిగా కూర్చున్న ఓ-రింగు, గ్యాస్ ఒత్తిడికి తల వంచేయొచ్చు. అందుకే నైట్రోజన్ పరీక్ష వేరుగా కావాలి. ఆక్సిజన్‌తో మాత్రం ఎప్పుడూ చేయనివ్వకూడదు, నూనెతో కలిస్తే పేలిపోతుంది.

మరి వ్యాక్యూమ్ దేనికి? తేమ కోసం. గాలి లాగేస్తే లోపలి నీటి చెమ్మ మామూలు ఎండ వేడికే మరిగి ఆవిరై బయటికొస్తుంది. అది మిగిలితే వాల్వు దగ్గర మంచు కడుతుంది, నూనెతో, గ్యాస్‌తో కలిసి ఆమ్లమై పైపుల్ని లోపల్నుంచి కొరుకుతుంది. అందుకే అరగంటకి తక్కువ కాకుండా లాగాలి. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ.

10. గ్రాముల్లో అడగండి.

బానెట్ లోపల ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే ఉంటుంది. చాలా చిన్న కార్లకు 300 నుంచి 500 గ్రాముల మధ్య. "ఫుల్ కొట్టిన సార్" అన్నది కొలత కాదు. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లబడుతుందనుకుంటారు, జరిగేది తలకిందులు. ద్రవం కండెన్సర్‌లో నిండిపోయి, వేడి వదిలే చోటు తగ్గి, చల్లదనమూ తగ్గుతుంది, కంప్రెసర్‌కి భారమూ పెరుగుతుంది. త్రాసు మీద సిలిండర్ పెట్టి నింపమనండి. బిల్లు మీద గ్రాములు రాయించుకోండి. వచ్చే ఏడాది గొడవొస్తే ఆ అంకె మీ వైపు మాట్లాడుతుంది.

ఇదంతా మీరే చేసుకోవచ్చా? ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది. బంపర్ విప్పడం, ఫ్యాన్ పరీక్ష, కండెన్సర్ కడగడం, పాతదీ కొత్తదీ పోల్చడం హాయిగా చేయండి. గ్యాస్ తీయడం, నింపడం మాత్రం యంత్రం ఉన్నవాడికి వదిలేయండి. యూట్యూబ్ చూసి గేజ్ కొన్న ఉత్సాహంలో వేళ్లు కాల్చుకోకండి, అదీ చలికి.

ఇక బండి తీసుకునే వేళ. తాళాలు చేతికి రాగానే డబ్బులిచ్చేస్తున్నారా? ఇంకొక్క చుట్టు ఉంది. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ థర్మామీటరు తీసుకెళ్లి మధ్య గాలిద్వారంలో దోపండి. ఏసీ పూర్తిగా పెట్టి, లోపలి గాలే తిరిగే మీట నొక్కండి. నలభై డిగ్రీల ఎండలో ఆ అంకె పది డిగ్రీలకి అటూఇటూగా వస్తే పని బాగున్నట్టే. ముందు తార్నాక చౌరస్తా రద్దీలో ఆగి ఉన్నప్పుడు చూడండి, అసలు పరీక్ష అదే. తర్వాత క్యాంపస్‌లోకి తిప్పి, ఠాగూర్ ఆడిటోరియం వైపు వెళ్తూ చూడండి. రెండు అంకెలకీ మధ్య పెద్ద తేడా ఉందంటే ఫ్యాన్ సంగతి మళ్లీ చూడాలి.

అలాగే, దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు పాటలు ఆపి చెవి పెట్టండి. ముందు నుంచి టకటకమని చప్పుడొస్తోందా? బంపర్ క్లిప్పులు రెండు మూడు షెడ్డులోనే మిగిలిపోయాయి. బండి తిప్పండి, ఇంకా దూరం పోలేదు.